ఊకదంపుడు

పిల్లలూ, ఎంతకీ తెమలని ఉపన్యాసాన్ని పెద్దలు "ఊకదంపుడు" అనటం మీరు వినే ఉంటారు. ఆ మాటకు అర్థం నాకు మా బడి ఆయా నేర్పింది.

అది 1996 ఆగస్టు 15. నేను ప్రధానోపాధ్యాయుడినైన మొదటి ఏడు. జెండా ఎగరేసి, పెద్ద పెద్ద సమాసాలతో రాసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. చెప్పవలసినదంతా పావుగంటలో అయిపోయింది. కాని నా గొంతు నాకే ఇంపుగా ఉండి, మరో అరగంట సాగదీశాను. ఇంతలో ముందువరసలోని ఆరో తరగతి పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆయా పరుగున వచ్చి, పిల్లను నీడకు చేర్చి, ముఖాన నీళ్ళు చల్లింది. పిల్ల తేరుకున్నాక నా దగ్గిరికి వచ్చి, "అయ్యా, బియ్యం ఎప్పుడో వచ్చేశాయి. ఆ తరవాత తమరు దంచింది ఊకే!" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

వడ్లు రోట్లో పోసి దంచితే పొట్టు ఊడి బియ్యం వస్తాయి. చేటతో చెరిగితే ఊక పోతుంది. ఆ ఊకను ఎంత దంచినా గింజ రాలదు. అంతే కాదు, బియ్యాన్నే అతిగా దంచితే నూకలవుతాయి. నా మాటలకూ అదే గతి పట్టింది. మర్నాడు అడిగి చూస్తే, నేను మొదట చెప్పిన నాలుగు మంచిమాటలు ఒక్కరికీ గుర్తులేవు. ఆ పిల్ల పడిపోవటమే అందరికీ గుర్తున్నది.

పొడుగు మాటకూ పొట్టి మాటకూ గల తేడాను ఒప్పుకున్న మహావక్త ఒకాయన ఉన్నాడు. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో, యుద్ధంలో మరణించిన సైనికుల శ్మశానవాటిక వద్ద ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు ఉపన్యసించాడు. తరవాత అధ్యక్షుడు లింకన్ సుమారు 270 మాటలలో ముగించాడు. మర్నాడు ఎవరెట్, తాను రెండు గంటలలో చేరలేని అసలు విషయాన్ని లింకన్ రెండు నిమిషాలలో అందుకున్నాడని మెచ్చుకుంటూ ఆయనకే ఉత్తరం రాశాడు. లోకం ఈనాటికీ చదువుకునేది లింకన్ మాటలనే.

మరుసటి ఏడు జెండా పండుగకు నేను అయిదు నిమిషాలు మాట్లాడి దిగాను. వరండాలో నిలబడి విన్న ఆయా, "ఈసారి అన్నీ బియ్యమే, అయ్యా!" అన్నది. నా ఉద్యోగంలో నాకు దక్కిన బహుమానాలలో అంతకన్న గొప్పది లేదు.