కొల్లేటి గట్లపై పసిబిడ్డతో

ఉంగుటూరు నుండి దక్షిణముగా కొల్లేటివైపు పోయినకొలది తారుబాట ముగిసి, కాలువగట్లును చేపల చెరువుల గట్లును త్రోవలగును. 1999లో అభయారణ్యముగను, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగను ప్రకటింపబడిన ఈ సరస్సును చూడగోరి, మూడేండ్ల కుమార్తెతో మేము జీపులో బయలుదేరితిమి.

జీపునకు లోతైన గాడులుగల టైర్లు వేయించి, వెనుకభాగమున బిడ్డకు తగిన పట్టీల ఆసనమును బిగింపించితిమి. తల్లియొడిని మించిన రక్ష లేదందురు. గతుకులో బండి యెగిరినవేళ ఆ మాట చెల్లదు. 14 ఏండ్లలోపు బిడ్డను పట్టీగాని, తగిన ఆసనముగాని లేక బండిలో తీసికొనిపోయినచో 1000 రూపాయల జరిమానా యని 2019 నాటి చట్టసవరణము విధించినది.

నల్లరేగడి ఎండిన రాయి, తడిసిన వెన్న. మేము గట్టుమీద నుండగా చినుకులు రాలినవి. ఇరువైపులను నీరే. మావారు దిగి కర్రతో నేలను పొడిచి చూడగా జానెడు దిగెను. ఎదుట గూడబాతులు తెల్లమబ్బువలె వ్రాలియుండెను. పాప “ఇంకొంచెము పోదమమ్మా!” యని మారాము చేసెను. అయినను పాపను ఎత్తుకొని మేము నడచుచుండగా, మావారు బండిని వెనుకకే నడిపి మెరకకు చేర్చిరి.

సోదరీమణులారా! పక్షులను నేల ఎండిన పిమ్మట చూడవచ్చును. పెద్ద టైర్లు బురదను దాటింపగలవేమో గాని, మరలవలసిన వేళను చెప్పజాలవు. అది పెద్దలే యెరుగవలెను.