బాలింత తిమింగలాల దారి

బే ఏరియాలో ఉండేవాళ్ళ ఇంటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే చూపించే వరస ఒకటుంది: గోల్డెన్ గేట్ వంతెన, లివర్మోర్ గుడి, వేసవైతే మాంటెరేలో తిమింగలాల పడవ. ఆ పడవెక్కినవాళ్ళంతా కడుపులో తిప్పుతున్నా సరే, హంప్‌బ్యాక్ ఎప్పుడు ఎగిరి దూకుతుందా అని ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. నన్నడిగితే ఏప్రిల్ నెలాఖరున రమ్మంటాను. పడవ అక్కర్లేదు. శాన్ సిమియన్ దగ్గర పియెద్రాస్ బ్లాంకాస్ గట్టు మీద నిలబడితే, గ్రే వేల్ తల్లులు పిల్లల్ని వెంటేసుకుని ఉత్తరానికి పోతూ కనిపిస్తాయి.

ఎండాకాలమంతా ఇవి అలాస్కా పైన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తాయి. అడుగుకంటా దిగి, ఒక పక్కకి ఒరిగి, బురద పీల్చి, నోట్లో ఉన్న బలీన్ జల్లెడతో రొయ్యల్లాంటి బుల్లి జీవాల్ని వడకట్టుకుంటాయి. చలి మొదలయ్యేసరికి మెక్సికోలో బాహా కాలిఫోర్నియా లగూన్లకి ప్రయాణం. కాన్పులు అక్కడే. రానూపోనూ 16,000 కిలోమీటర్లకు పైమాటే.

ఓసారి మా అత్తయ్యని తీసుకెళ్ళాను. గాలికి శాలువా తలమీంచి కప్పుకుని నిలబడ్డారు. కింద ఇసకలో ఎలిఫెంట్ సీళ్ళు పాత చర్మం రాల్చుకుంటూ పడున్నాయి. సముద్రపు నాచు అవతల ఓ పెద్ద ఆవిరి చిమ్మింది, ఆ పక్కనే ఇంకోటి, చిన్నది. మచ్చల బూడిదరంగు వీపు, దానిమీద గుత్తులుగా పెరిగిన తెల్లటి బార్నకిల్స్ పైకి తేలి మునిగాయి. పిల్ల వీపు మాత్రం నున్నగా ఉంది.

"బాలింతా?" అన్నారు అత్తయ్య.

"అవునండీ. జనవరి ప్రాంతంలో కనుంటుంది."

"మరేం తింటోంది?"

"అలాస్కా చేరేదాకా దాదాపు ఏమీ తినదు."

"పాలిస్తూనా!"

నా కాన్పుకొచ్చి వెల్లుల్లి కారం, నెయ్యి వేసి పూటపూటా దగ్గరుండి తినిపించిన మనిషి. ఆవిడకి మింగుడుపడలేదు.

పిల్ల పుట్టడమే పదిహేనడుగులు. తాగే పాలలో సగం కొవ్వే. అదంతా తల్లి నిరుటి మేతలో ఒంట్లో దాచుకున్నది. కడుపుతో ఉన్నవి అన్నిటికంటే ముందు దక్షిణానికి బయల్దేరతాయి, పిల్లతల్లులు అన్నిటికంటే చివర వెనక్కొస్తాయి. అందుకని ఎక్కువ రోజులు పస్తుండేది వీళ్ళే. దారిలో ఓర్కాలు పిల్లల్ని వేటాడతాయి. ఆ భయంతోనే తల్లులు ఒడ్డు వారగా, నాచు చాటున పోతుంటాయి.

అలా దగ్గరగా పోతాయి కాబట్టే 1994 నుంచి శాస్త్రవేత్తలు ఈ గట్టు మీంచి తల్లీపిల్లల్ని లెక్కపెట్టగలుగుతున్నారు. చివరికి వాళ్ళు తేల్చుకోవాల్సిందీ అత్తయ్య అడిగిందే: తల్లికి కడుపు నిండిందా లేదా? ఉత్తరాన సముద్రపు మంచు అడుగున పెరిగే పాచి కిందికి రాలితే, ఆ బుల్లి జీవాలకి అదే తిండి. మంచు తగ్గుతున్నకొద్దీ మేత పల్చబడుతోంది. 2016లో సుమారు 27,000 ఉన్న గ్రే వేల్స్ 2025కి 13,000 దగ్గరికి పడిపోయాయి. మంచి ఏళ్ళలో వెయ్యి దాటే పిల్లల అంచనా ఆ ఏడు 85కి దిగింది.

19వ శతాబ్దంలో వేటగాళ్ళు కాన్పుల లగూన్లలోకే చొరబడి వీటిని దాదాపు తుడిచిపెట్టారు. వేట ఆగాక కోలుకుని, 1994లో అమెరికా ప్రమాద జాబితాలోంచి బయటపడ్డాయి. వేటని ఒప్పందాలు ఆపగలిగాయి. కరిగే మంచుకి అంత తేలికైన మందు కనిపించడం లేదు.

అత్తయ్య కాకినాడ వెళ్ళిపోయారు. ఏటా వేసవి వచ్చేసరికి ఫోన్లో ముందు మనవరాలి చదువు అడుగుతారు, ఆ వెంటనే, "పోయినేటికంటే పిల్లలు ఎక్కువేనటే?" అంటారు.