పుట్టింటి సారె: తొడల పక్క కొవ్వు సంగతి

నెల్లూరు వైపు నుంచి వ్యాసర్పాడికి మావాళ్ళు తెచ్చుకున్నవాటిలో ఇప్పటికి మిగిలినవి మూడే. ఇంటిపేరు, చేపల పులుసులో మామిడికాయ వేసే అలవాటు, ఆడవాళ్ళకి తొడల పక్కన కొవ్వు. ఇత్తడి బిందెలు ఎప్పుడో పాత సామాన్ల కింద పోయాయి. ముత్తాతని ఇక్కడికి రప్పించిన బిన్నీ మిల్లు 1996లో మూతబడింది. కొవ్వు మాత్రం నాలుగు తరాలుగా చెక్కు చెదరలేదు.

ఇలాంటివి కూడా రాస్తారా అని ఇంట్లో మగవాళ్ళు గొణిగారు. మిల్లు గురించి, గుడి గురించి, పాత పెళ్ళి ఫోటోల గురించి రాశాం కదా, ఒంటి గురించి ఎందుకు రాయకూడదని ఆడవాళ్ళం అన్నాం. మేమంటే అమ్మ, ముగ్గురు అక్కచెల్లెళ్ళం, ఇద్దరు వదినలు. మాదే మెజారిటీ.

ఈ కొవ్వు ఎక్కడుంటుందో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తుంటి ఎముక కిందుగా, తొడ బయటి వైపున, చెయ్యి జారవిడిస్తే అరచెయ్యి తగిలే చోట. కుర్తా సైడు ఓపెన్ అక్కడికొచ్చేసరికి నోరు తెరుస్తుంది. జీన్స్ కొంటే తొడల దగ్గర పట్టేస్తుంది, నడుం దగ్గర మాత్రం పిడికిలి దూరేంత వదులు. పెరంబూరులో మా టైలరు కొలత తీసుకోకుండానే "మీ ఇంటివాళ్ళకి సైడు రెండంగుళాలు ఎక్కువ వదలాలి" అంటాడు. మా అవ్వ దీనికి పెట్టిన పేరు పుట్టింటి సారె. "అది పుట్టింటి సారేలే అమ్మే, ఏడకీ పోదు" అనేది.

నవ్వుకుంటూనే రోజులు గడిచాయి. పోయినేడాది చిన్న వదిన కూతురికి సంబంధం కుదిరే దాకా. పెళ్ళికొడుకువాళ్ళూ మనవాళ్ళే, పెరంబూరులోనే ఉంటారు. మంచివాళ్ళే. ఆ అబ్బాయి నాయనమ్మ మాత్రం ఫోన్లో ఎవరితోనో "పిల్ల బాగుంది, నడుం కిందే కొంచెం వెడల్పు" అందట. ఆ మాట నాలుగు నోళ్ళు తిరిగి మా పిల్ల చెవిన పడింది. ఆ రోజు నుంచి రాత్రి భోజనం మానేసింది. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం ఒక దోసకాయ. యూట్యూబ్ చూసి గదిలో పడుకుని కాలు పక్కకెత్తి దించడం రోజుకి మూడొందల సార్లు. మూడో వారంలో ఆఫీసుకెళ్తూ వ్యాసర్పాడి జీవా స్టేషన్ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరో పూలమ్మే ఆవిడ పట్టుకుని కూర్చోబెట్టి సోడా తాగించింది. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో!

అంతకు ముందే అది ఊళ్ళో ఒక క్లినిక్‌కి వెళ్ళొచ్చిందని అప్పుడే తెలిసింది. కొవ్వుని చల్లబెట్టి కరిగిస్తామని, రెండు తొడలకీ కలిపి అరవై వేలని, వాయిదాల్లో కట్టొచ్చని వాళ్ళు కాగితం రాసిచ్చారు. నడుం చుట్టుకొలత ఎంత అని గానీ, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని గానీ అడగలేదు. ఆ కాగితం చూశాకే మేమందరం కూర్చుని అసలు ఈ కొవ్వు సంగతేంటో తెలుసుకోవడం మొదలుపెట్టాం. డాక్టర్ని అడిగాం, చదివాం.

తెలిసిందేంటంటే, అవ్వ మాటలో సగం నిజం. కొవ్వు కణాలకి అడ్రినలిన్ మాట వినే చెవులు రెండు రకాలు ఉంటాయి. బీటా అనేవి "కరుగు" అనే మాట వింటాయి, ఆల్ఫా-2 అనేవి "ఆగు" అనే మాట వింటాయి. ఆడవాళ్ళకి తొడల దగ్గర ఈ ఆగమనేవే ఎక్కువ. అందుకే పస్తున్నా, పరిగెత్తినా ముందు మొహం పీక్కుపోతుంది, తర్వాత భుజాలు, తొడలు అన్నిటికంటే చివర. మా పిల్లకి మూడు వారాల్లో జరిగింది సరిగ్గా ఇదే. బుగ్గలు పోయాయి, తొడలు పోలేదు. ఆ కొవ్వు అక్కడ చేరడానికి కారణం కూడా ఉంది. అది కాన్పుకీ, బిడ్డకి పాలివ్వడానికీ ఒళ్ళు దాచుకున్న గింజల గాదె లాంటిది. పాలిచ్చే రోజుల్లో తొడల కొవ్వు మామూలు కంటే సులువుగా కరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 1980లలోనే చూపించారు. పెద్ద వదిన అది విని "అందుకేనా రెండో కాన్పు తర్వాత నా పాత చుడీదార్లు పట్టాయి!" అంది.

మరి కాలు ఎత్తి దించడం? ఎక్కడ కదిలిస్తే అక్కడ కరగదు. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులూ కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి బ్యాటు పట్టిన చేతికీ, ఊరికే వేలాడిన చేతికీ చర్మం కింద కొవ్వు మందంలో తేడా లేదు. ఆడే చేతిలో పెరిగింది కండే. కాలు పక్కకి ఎత్తడం వల్ల తుంటి పక్క కండ గట్టిపడుతుంది, మెట్లెక్కేటప్పుడు మోకాలికి ఆసరా అవుతుంది. మంచిదే, చెయ్యాల్సిందే. కానీ దాని మీది కొవ్వుకి ఆ సంగతి తెలియదు.

ఇక్కడి దాకా చదివి వదిలేసి ఉంటే ఈ ముక్క రాసేవాళ్ళం కాదు. మా పెద్దక్క వల్ల రాస్తున్నాం. అక్కచెల్లెళ్ళలో తనొక్కర్తికే సారె రాలేదు. నాన్న పోలిక, కాళ్ళు సన్నం. ఏ చుడీదారైనా పట్టేది, పెళ్ళిళ్ళలో అందరూ "నువ్వు మాత్రం భలే ఉన్నావు" అనేవాళ్ళు. కొద్దిగా పొట్ట ఉండేది, చీరలో ఎవరు చూస్తారు? 46 ఏళ్ళకి కాలి వేలు మీద పుండు మానక డాక్టరు దగ్గరికి వెళ్తే షుగరు బయటపడింది. హెచ్‌బీఏ1సీ 8.2.

అమ్మది ఇంకో కథ. యాభై దాటి నెలసరి ఆగాక తొడలు వాటంతటవే తగ్గాయి. చుట్టాలందరూ ఏం చేశావని అడిగి మరీ మెచ్చుకున్నారు. ఆవిడ చేసిందేమీ లేదు. ఈస్ట్రోజెన్ తగ్గితే కొవ్వు కింద దాచుకోవడం తగ్గి పొట్టలోకి మళ్ళుతుంది. రెండేళ్ళలో బీపీ వచ్చింది. ఫ్రాన్స్‌లో జాన్ వాగ్ అనే డాక్టరు 1947లోనే ఈ తేడా చెప్పాడు. తుంటి కింద చేరే కొవ్వు ఒక రకం, పొట్ట చుట్టూ చేరేది ఇంకో రకం, షుగరుకి దారి తీసేది రెండోదే అని. తొడల్లో కొవ్వు ఉన్న చోటే ఉంటుంది. పొట్ట లోపలిది కాలేయానికి నేరుగా చేరి ఇన్సులిన్ పని చెడగొడుతుంది.

మన ఒళ్ళకి ఇది మరీ ముఖ్యం. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు ఉండడం మన దేశంవాళ్ళ తత్వం. ఇది బాగా తేల్చి చెప్పిన ఊళ్ళలో మన చెన్నై ఒకటి. డాక్టర్ వి. మోహన్ బృందం 2001లో మొదలుపెట్టిన క్యూర్స్ సర్వేలో ఈ ఊళ్ళోనే 26,001 మందిని పరీక్షించారు. చెన్నైవాళ్ళు తినే కేలరీల్లో దాదాపు సగం పాలిష్ పట్టిన ధాన్యం నుంచే, అందులోనూ ముప్పాతిక వంతు తెల్లన్నం నుంచే వస్తున్నాయని దాని మీద చేసిన ఒక అధ్యయనం చెప్పింది. భారతీయ ఆడవాళ్ళకి నడుం 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదంటారు. ఆ రాత్రి టేపు తీసి అందరం కొలుచుకున్నాం. మా పిల్ల నడుం 84. ఊరంతా తొడలు చూసింది, ఆ 84ని ఎవరూ చూడలేదు. గొణిగిన మగవాళ్ళనీ వదల్లేదు. ఒక్కరు కూడా 90కి లోపల లేరు.

పాతకాలంలో రుబ్బురోళ్ళు ఉండేవి కాబట్టి అందరూ సన్నగా ఉండేవాళ్ళని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటుంటారు. మా అవ్వ రోజూ రుబ్బురోలు దగ్గర కూర్చుని పొత్రం తిప్పేది, అడిపంపు కొట్టి ఎనిమిది బిందెలు మోసేది, కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని చేపలు కోసేది. అయినా ఫోటోలో చూడండి, సారె భద్రంగా ఉంది! లేనిది పొట్ట. ఎనభై దాటినా కింద నుంచి చెయ్యి ఆనించకుండా లేచేది. గ్రైండరు వద్దని మేమనం. 2011లో ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చినప్పుడు ఈ వీధిలో ఆడవాళ్ళ మొహాల్లో వెలుగు చూసినవాళ్ళం. మిగిలిన టైము టీవీ ముందు గడిచింది, అంతే.

మేం చేసింది చెబుతాం. పెద్దక్కవన్నీ డాక్టరుకి చెప్పే చేశాం, మందులు మానలేదు. అన్నం మానలేదు, సగం చేసి ఆ చోట్లో పప్పు, కూర, గుడ్డు పెంచాం. సాయంత్రం బజ్జీ బదులు సుండల్. శుక్రవారం అత్తో మాత్రం ఆగలేదు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ వల్ల మా ఉత్తర చెన్నైకి దక్కిన రుచి అది, దాన్ని మానమనే డైటు మాకొద్దు. రాత్రి తిన్నాక అరగంట నడక. కుర్చీ మీద కూర్చుని లేవడం పదిహేను సార్లు, మూడు విడతలు, నీళ్ళ క్యాను పట్టుకుని. మొదట్లో సిగ్గుపడ్డాం. అసలు వ్యాసర్పాడిలో సిగ్గెందుకు? ఫుట్‌బాల్‌కి పేరుపడ్డ పేట ఇది, ఇక్కడి పిల్లలు లావుపాటి తొడలు చూసి ముచ్చటపడతారు. "అక్కా, షాట్ భలే కొడతావే" అన్నాడొక కుర్రాడు మా పిల్లతో.

తొమ్మిది నెలల లెక్క ఇదీ. మా పిల్ల బరువు 66 నుంచి 60. నడుం 84 నుంచి 77. తొడ 64 నుంచి 61, అదీ చివరి మూడు నెలల్లోనే కదిలింది. కాబట్టి తగ్గదా అంటే తగ్గుతుంది, ఒళ్ళంతా తగ్గాక, తన వంతు వచ్చినప్పుడు. ఆకారం మాత్రం అదే, కాస్త చిన్న అచ్చు.

ఆపరేషన్ మాట కూడా ఇంట్లో వచ్చింది. 2011లో కొలరాడోవాళ్ళు ప్రచురించిన పరిశోధన చదివాం. తొడల నుంచి కొవ్వు పీల్చి తీయించుకున్న ఆడవాళ్ళకి ఏడాదిలో తీసినంతా ఒంట్లోకి తిరిగొచ్చింది. తొడలకి కాదు, ఎక్కువగా పొట్టకి! దాచుకునే చోటు పోయిందని కొవ్వు ఇల్లు మారిందన్నమాట. ఆర్తి అగర్వాల్ మీకు గుర్తుండే ఉంటుంది, 'నువ్వు నాకు నచ్చావ్'లో నవ్విన పిల్ల. 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్ళకే పోయింది. కొన్ని వారాల ముందే కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆపరేషన్ వల్లే పోయిందని మేం అనడం లేదు. తెరమీది ఆ పిల్ల ఒళ్ళు గురించి మనమందరం హాల్లో కూర్చుని ఎన్ని మాటలు అనుకున్నామో మాత్రం గుర్తుంది.

ఒక్కటి విడిగా చెప్పాలి. రెండు కాళ్ళూ సమానంగా లావెక్కి, ముట్టుకుంటే నొప్పి పుట్టి, చిన్న దెబ్బకే కమిలిపోతూ, పాదాలు మాత్రం మామూలుగా ఉంటే అది సారె కాదు. లిపిడీమా అనే జబ్బు కావచ్చు. 1940 నుంచే వైద్యులకి తెలిసినది. పస్తులుంటే పోదు, డాక్టరుకి చూపించాలి.

పెళ్ళి తై నెలలో. లెహంగా కాదు, కంచి పట్టే కడతానంది మా పిల్ల. జాకెట్టు కొలతలు ఇచ్చేసింది. పెద్దక్క హెచ్‌బీఏ1సీ 8.2 నుంచి 7.1కి వచ్చింది, కాలి పుండు మానింది. తర్వాతి పరీక్ష పెళ్ళికి వారం ముందు. విందు అయ్యాక చేయించుకుంటానని పేచీ పెడుతోంది, మేం ఒప్పుకోలేదు.