ముందు పేరు, తరువాత పురుడు

బిడ్డ పుట్టిన 21వ నాడు పేరు పెట్టడం మనకు తెలుసు. నకిరేకల్‌లో మా ఆడపడుచు మాత్రం ఇంకా పుట్టని కంపెనీకి పేరు కోసం నా ప్రాణం తీసింది.

"నవలలకు పేర్లు పెడ్తవు గద వదినా! నా నిమ్మకాయ తొక్కు కంపెనీకి ఒక్కటి చెప్పరాదు?"

"శ్రీలక్ష్మి" అన్నాను ఠక్కున. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే లక్ష్ములు బోలెడుమంది! పక్కన నకిరేకల్ అని చేరుద్దామన్నాను. ఊరిపేరు తగిలించినా, ఏకవచనాన్ని బహువచనం చేసినా పాత పేరు పాతదేనట. 2019లో నిబంధనల్లో అలా విడమరిచి రాశారు. నవలలకీ బాధ లేదు. ఒకే పేరుతో ఇద్దరు రాసినా పాఠకులు సర్దుకుపోతారు.

దరఖాస్తుకు వెయ్యి రూపాయలు. రెండు పేర్లు రాయొచ్చు. ట్రేడ్‌మార్కుల్లోనూ చూసుకోవాలి.

"అమ్మ పేరు పెడితే?" అంది ఆడపడుచు మెల్లగా.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ తొక్కు రుచి మా అత్తగారి చేతిదే. నలభై ఏళ్ళు జాడీలు నింపినా ఆవిడ పేరు రేషన్ కార్డు దాటలేదు. ఇల్లు మామగారి పేర, చెలక కొడుకు పేర. వెతికాం. ఆ పేరు ఎవరూ పెట్టుకోలేదు!

ఖాయమైతే 20 రోజులు మనకోసం అట్టే పెడతారు. ఆలోగా కంపెనీ నమోదు కావాలి, లేదా రుసుము కట్టి గడువు పెంచుకోవాలి.

అత్తగారికి చెబితే, "డబ్బాల మీద నా పేరెందుకే? ఎంగిలి చేతులతోని ముట్టుకుంటరు!" అని కసిరారు.

కాని ఆ సాయంత్రం మనవడి చేత ఆ పేరు పెద్దక్షరాలతో రాయించుకుని, చాలాసేపు చూసుకున్నారు.