‘ఉంటాను’ అనకుండా ఫోను పెట్టేస్తే

ఫోనులో మనవాళ్ళెవరైనా “సరే మరి, ఉంటాను” అనకుండా పెట్టెయ్యరు. ఆ మాట రాకుండా లైను తెగితే, వెంటనే తిరిగి చేసి “కట్టయిందా? ఏదో చెబుతున్నావు” అంటాం. అదే మనం రాసే ప్రోగ్రాముల దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి అక్కర్లేదనుకుంటాం. ఎందుకో మరి!

టీఎల్ఎస్‌లో ‘ఉంటాను’కి సమానమైనది క్లోజ్ నోటిఫై. రెండంటే రెండు బైట్ల అలర్టు. ‘నేను పంపాల్సిందంతా పంపేశాను’ అని దానర్థం. కింద టీసీపీలో ఫిన్ ఉందిగా, మళ్ళీ ఇదెందుకు అంటారా? ఫిన్‌కి తాళం లేదు. దార్లో కూర్చున్న ఎవడైనా దాన్ని పుట్టించి పంపొచ్చు. క్లోజ్ నోటిఫై మాత్రం తాళంచెవి ఉన్నవాడే పంపగలడు. 1995 నాటి ఎస్ఎస్ఎల్ 2.0లో ఇది లేదు, డేటాని మధ్యలో కోసేసినా తెలిసేది కాదు. 1996లో ఎస్ఎస్ఎల్ 3.0తో వచ్చింది.

కోస్తే కొంచెం తగ్గుతుంది, అంతేగా అనుకోకండి. 2014లో కొందరు పరిశోధకులు చూపించారు: కుకీ హెడ్డరుని సరిగ్గా ‘సెక్యూర్’ అన్న మాటకి ముందు కోస్తే, కొన్ని బ్రౌజర్లు మిగిలిన ముక్కనే పూర్తి కుకీ అనుకున్నాయి. ఇక ఆ కుకీ మామూలు హెచ్‌టీటీపీలో కూడా బయటికి పోతుంది.

2021లో వచ్చిన ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3.0, ఇలా చెప్పకుండా తెగినప్పుడు ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్’ అని గట్టిగా అరవడం మొదలెట్టింది. నేను పనిచేసిన ఒకచోట అప్‌గ్రేడ్ అయ్యాక లాగ్ ఫైళ్ళ నిండా అదే గోల. “దాన్ని పట్టించుకోకుండా ఉండే ఆప్షన్ ఉందన్నా, పెట్టేద్దాం” అన్నాడు టీములో కుర్రాడు. నిజమే, ఉంది. ముందు అవతలివాళ్ళు రోజూ పంపే రీఫండ్ల ఫైల్లో వరసలు లెక్కపెట్టి, వాళ్ళ లెక్కతో సరిచూడమన్నాను. రెండు రోజుల ఫైళ్ళు సగానికే ఆగిపోయాయి. సైజు ముందు చెప్పే అలవాటు లేదు, చివర మొత్తం చెప్పే వరస లేదు. కనెక్షన్ మూసుకుంటే ఫైలు అయిపోయినట్టే! దాడీ గీడీ ఏం కాదు, అవతల సర్వరు మధ్యలో పడిపోయేది. కానీ కింది వరసల్లో ఉన్నవాళ్ళకి డబ్బు రాలేదు. వాళ్ళు కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేస్తుంటే, మా తెర మీద ‘సక్సెస్’ అని పచ్చగా వెలుగుతోంది.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. పంపడం అయ్యాక ఎస్ఎస్ఎల్ షట్‌డౌన్ పిలవండి. అది 0 ఇస్తే కంగారు పడకండి, మన మాట వెళ్ళింది, అవతలి మాట ఇంకా రాలేదని అర్థం. అది వచ్చేదాకా చదవండి. చదవాల్సిన డేటా మిగిలుండగా సాకెట్ మూసేస్తే లినక్స్ రీసెట్ పంపుతుంది, దాంతో మనం పంపిన చివరి ముక్క కూడా పోవచ్చు.

కంటెంట్ లెంగ్త్ లాంటి లెక్క ఉన్నచోట, క్లోజ్ నోటిఫై రాకపోయినా డేటా పూర్తిగా అందిందో లేదో తేల్చుకోవచ్చు. అక్కడ ఆ ఆప్షన్ పెట్టుకుంటే పెట్టుకోండి. ఆ లెక్కా లేనిచోట పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎర్రర్ పోవడం వేరు, మొత్తం రావడం వేరు. ఏమంటారు?