ఇంకు బుడ్ల బలగం

ఏమండోయ్, మిమ్మల్నే! ఎంతసేపటినుంచి పిలుస్తున్నాను. మీ ఇంట్లో నీలం ఇంకులు ఎన్నున్నాయి? ఒకటేనా? అదీ బాల్‌పెన్నులోదా? సరే, కోప్పడను. కాస్త గోడ దగ్గరికి జరగండి. చేతిలో పనుంటే అక్కడే పెట్టేసి రండి, ఇది చిటికెలో తేలే సంగతి కాదు.

నీలం అంటే ఒక్కటే అనుకుంటున్నారు మీరు. జపానులో పైలట్ కంపెనీవాళ్లు 2007లో ఇరోషిజుకు అని ఒక వరస ఇంకులు మొదలుపెట్టారు. అందులో ఒక్క నీలాలే చూడండి. కోన్‌పెకి ఉంది, మబ్బు లేని మధ్యాహ్నపు ఆకాశం. అసగావో ఉంది, కాస్త ఊదా తగిలిన నీలం. షిన్‌కాయ్ లోతు సముద్రం, బూడిదరంగు కలిసినది. త్సుకియో వెన్నెల రాత్రి, లోపల్నించి పచ్చ తొంగిచూస్తుంది. నాలుగూ ఒకింటి బిడ్డలే. ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏది వద్దంటారు? అదుగో, నోరు పెగల్లేదు కదా! నాకూ పెగల్లేదు. అందుకే నాలుగూ మా అలమరలో ఉన్నాయి.

అలా అలా బలగం పెరుగుతుంది. 1864లో లండన్‌లో పుట్టిన డయమీన్ కంపెనీది ఇప్పుడు లివర్‌పూల్‌లో కాపురం. వాళ్ల దగ్గర వందకు పైగా రంగులు. ప్యారిస్ ఎర్బాన్ వంశం 1670 నాటిది. పెలికాన్ వాళ్ల ఎడెల్‌స్టైన్ ఇంకులకు రత్నాల పేర్లు, పైగా 2012 నుంచి ఏడాదికో కొత్త రత్నం. సైలర్ వాళ్లయితే 2018లో ఇంక్ స్టూడియో పేరుతో ఏకంగా 100 రంగులు వదిలారు. వాటికి పేర్లు లేవు, అన్నిటికీ మూడంకెల నంబర్లే. 123 నంబరు చూశారా? చూడలేదా! పైకి బూడిదరంగు. తడి ఆరేకొద్దీ ఒకచోట పచ్చగా, ఒకచోట లేత ఊదాగా విడిపోతుంది. ఒక్క మాట రాసి, అది ఆరేదాకా చూస్తూ కూర్చోవచ్చు. కాఫీ చల్లారిపోయినా తెలీదు.

"ఇన్నీ ఎలా సంబాళిస్తారండీ?" అని కదూ మీరు అడగబోతున్నారు? అడగండి. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను.

మొదటి సంగతి. బుడ్డిలో ఉన్నంతసేపూ ప్రతి ఇంకూ నలుపే. ఎరుపూ నలుపే, వంకాయరంగూ నలుపే. మూత మీది రంగును నమ్మకండి, పెట్టె మీది బొమ్మను నమ్మకండి, ఫోనులో ఫొటోను అసలే నమ్మకండి. కాగితం మీద పడి, ఆరి, ఒక రాత్రి గడిచాక కనిపించేదే దాని రంగు. అందుకని బుడ్లు ఎన్నున్నా సరే, అసలు ఆస్తి కార్డుల కట్ట.

కార్డులు ఎలా చేస్తానో చెప్తాను, వినండి. దళసరి కాగితాన్ని అరచేతిలో పట్టేంత ముక్కలుగా కోస్తాను. ఒక్కో ఇంకుకి ఒక్కో కార్డు. పైన చెవిపుల్లతో ఒక వెడల్పాటి పూత. దాని కింద గాజు పాళీతో పేరు, కంపెనీ, బుడ్డి తెరిచిన తేదీ. ఓ మూల నీటిచుక్క, తడి తగిలితే నిలుస్తుందో పారిపోతుందో తెలియాలిగా. గాజు పాళీ ఎంత ఉపకారో చూడండి, ముంచడం, రాయడం, గ్లాసెడు నీళ్లలో ఒక్క ఊపు ఊపడం, తుడవడం, అంతే, తర్వాతి బుడ్డికి సిద్ధం. పెన్ను విప్పక్కర్లేదు, కడగక్కర్లేదు. గాలిగంటలు చేసే ఒక జపాను పనివాడు కనిపెట్టాడు దీన్ని. ఆయనకో దండం.

ఇంతకీ కార్డు మీద ఏం రాయాలి? మీకో రహస్యం. "ఝణఝణ" అని రాయండి. నవ్వకండి, నిజం. మన అక్షరాలకు మెలికలెక్కువ. మెలిక తిరిగేచోట చెయ్యి నెమ్మదిస్తుంది, ఇంకు నిలుస్తుంది, రంగు చిక్కబడుతుంది. చేతివేగం పెరిగినచోట పలచబడుతుంది. ఒక్క 'ఝ'లోనే లేతనుంచి ముదురుదాకా మెట్లన్నీ కనిపిస్తాయి. తలకట్టు చివర నిలిచిన చిన్న బొట్టు చూడండి, ముదురు నీలాలు కొన్ని అక్కడ ఎర్రటి మెరుపు మెరుస్తాయి. రంగు పదార్థం కాగితంలోకి ఇంకకుండా పైనే పేరుకుంటే వచ్చే మెరుపది. కాగితం మంచిదైతేనే సుమండీ! గరుకు నోటుపుస్తకంలో రాస్తే ఇంకు నాలుగువైపులా పాకి, వెనక పేజీకి కూడా దిగుతుంది. అప్పుడు ఇంకును తిట్టకండి, పాపం.

కార్డులకు ఓ మూల చిల్లు పెట్టి రింగుకి గుచ్చుతాను. రింగు ఎందుకంటే, ఈ వరస ఎప్పుడూ ఒక్కలా ఉండదు. కొత్త రంగు వచ్చినప్పుడల్లా పాతవాళ్లు జరగాలి. నీలం ఎక్కడ అయిపోయి ఆకుపచ్చ ఎక్కడ మొదలవుతుంది? మీరు చెప్పగలరా? మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. నెమలికంఠం రంగులన్నీ ఆ సరిహద్దులోనే తచ్చాడుతుంటాయి. ఆదివారం మధ్యాహ్నం నేలమీద కార్డులు పరుచుకుని, ఒకదాన్ని ఇటు జరిపి, ఇంకోదాన్ని అటు జరిపి, మళ్లీ మొదటికొచ్చి... ఆహా! ఎవరైనా వచ్చి "ఖాళీగా ఉన్నారా?" అంటే ఎంత ఒళ్లు మండుతుందో!

రంగు చూసి సర్దడం ఒక పద్ధతి. గుణం చూసి సర్దడం ఇంకో పద్ధతి. అలమరలో బుడ్లను నేను గుణం చూసే పెడతాను.

మామూలు రంగునీళ్ల ఇంకులు సాధువులు. పెన్నులో పోసి నిశ్చింతగా ఉండొచ్చు, కడిగితే పోతాయి. ఇనుము ఇంకులు వేరు. మాచికాయలోనో కరక్కాయలోనో ఉండే వగరూ, అన్నభేదీ కలిస్తే పుట్టేవి ఇవి. రాసేటప్పుడు నీలంగానో ఊదాగానో ఉంటాయి. గాలి తగిలాక కాగితంలోనే నల్లబడి, అక్కడే పాతుకుపోతాయి. లైప్‌జిగ్‌లో 1892లో మొదలైన రోరర్ అండ్ క్లింగ్నర్ వాళ్ల సాలిక్స్, స్కాబియోసా ఈ జాతివే. స్కాబియోసా మురిపెమైన వెలిసిన ఊదా. మన పెద్దలు కరక్కాయలు నలగ్గొట్టి కాచుకున్న సిరాలో ఉన్నదీ ఈ రసాయనమే. జర్మనీ నుంచి వచ్చిన బుడ్డి మూత తీయగానే నాకు చుట్టరికం కలిసిపోయింది.

మూడో జాతి, ప్లాటినం కార్బన్ బ్లాక్ లాంటివి. వీటిలో రంగు కరగదు, సన్నటి పొడిగా నీళ్లలో తేలుతుంది. చెక్కులు రాయడానికి వీటిని మించినవి లేవు, నీళ్లు పోసి తోమినా అక్షరం కదలదు. కానీ పెన్నులో ఎండనివ్వకూడదు. నాలుగోవి తళుకులవి. ఎర్బాన్ వాళ్ల ఎమెరోడ్ ద శివోర్ చూడండి, నెమలిపచ్చలో బంగారు రజను, దానిమీద ఎర్రటి మెరుపు. రాసేముందు బుడ్డి ఊపాలి, పెన్నూ ఊపాలి, పాళీ వెడల్పుగా ఉండాలి. మహారాణి వస్తున్నప్పుడు ఆమాత్రం మర్యాదలు తప్పవు.

ఈ జాతుల్ని ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. కొన్ని పులుపు, కొన్ని క్షారం. రెండూ తారసపడితే గడ్డకట్టి పాళీ కింద నాలుకలో ఇరుక్కుంటాయి.

అసలు సిసలు నియమం మాత్రం మీకు ముందే తెలుసు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడతారా? పెట్టరు కదా! ఇంకుబుడ్డీ అంతే. కడగని పెన్ను ముంచకూడదు. పెన్నులో మిగిలింది తిరిగి బుడ్డిలో పొయ్యకూడదు. పోస్తే పైన తెట్టు కడుతుంది, బూజు పడుతుంది, ఇక బుడ్డి బుడ్డంతా పారబొయ్యాల్సిందే. మందుల షాపులో దొరికే సిరంజిలు రెండు తెచ్చుకోండి. బుడ్డిలోంచి కావలసినంత పైకి తీయడానికి ఒకటి, పెన్ను కడగడానికి ఇంకొకటి. మన ఎండల సంగతి చెప్పేదేముంది, మూత బిగించకపోతే నీరు ఆవిరై ఇంకు చిక్కబడుతుంది. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది. అందుకే అట్టపెట్టెలు పారెయ్యకండి. "ఖాళీ పెట్టెలు ఎందుకు దాచారు?" అని ఇంట్లోవాళ్లు అడిగితే నా దగ్గరికి పంపండి, నేను చెప్తాను.

అయినా బుడ్లన్నీ పెట్టెల్లో దాచెయ్యడానికి మనసొప్పుతుందా? లామీ బుడ్డి అడుగున అద్దుడు కాగితం చుట్ట ఉంటుంది, చింపి పాళీ తుడుచుకోవడమే. ఎర్బాన్ చిన్న బుడ్డికి ముందు గాడి, పెన్ను ఆనించుకోవడానికి. ఇరోషిజుకు బుడ్డి అడుగున చిన్న గుంట, చివరి బొట్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ చివరి బొట్టు గురించి కూడా ఆలోచించినవాళ్లున్నారంటే, ఎంత ముచ్చటగా లేదూ!

ఇక లెక్కల్లోకి వద్దాం. భయపడకండి, చిన్న లెక్కే. బుడ్డిలో 50 మిల్లీలీటర్లు. పెన్నులో పట్టేది సుమారు 0.8. అంటే ఒక బుడ్డి 60 సార్లకు పైగా వస్తుంది. వారానికోసారి నింపినా ఏడాది దాటుతుంది. అలాంటి బుడ్లు 100 ఉంటే? వేళ్లు లెక్కపెట్టకండి, నూరేళ్లు దాటుతుంది. కాబట్టి నన్ను చల్లగా నూరేళ్లు బతకమని దీవించండి, బోలెడు రాయాల్సింది ఉంది.

మీకూ తొందర ఉంటే డ్రాపరుతో పొట్ట నిండా పోసుకునే పెద్ద పెన్ను కొనుక్కోండి. మన రాజమండ్రిలోనే చేస్తారు. గాంధీగారు చెప్పగా స్వదేశీ పెన్ను చేసిన రత్నంగారి ఊరండీ అది. గాంధీగారు ఆ పెన్నుతో రాసి 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. అదే గాంధీగారి స్వదేశీ మాటతో బెంగాల్లో మైత్రా సోదరులు 1934లో సులేఖ ఇంకు మొదలుపెట్టారు. 1980ల చివర్లో ఆగిపోయిన ఆ ఇంటినుంచి 2020లో మళ్లీ పెన్ను ఇంకులొచ్చాయి. రాజమండ్రి పెన్నులో సులేఖ పోసి రాస్తుంటే, వేలు విడిచిన మేనమామలిద్దరిని ఒక పెళ్లిలో కలిపినంత సంబరంగా ఉంటుంది నాకు. ముంబయిలో దండేకర్‌లు 1931లో గుర్రం మార్కు ఇంకుపొడి, ఇంకుబిళ్లలతో మొదలై తర్వాత కామెల్ ఇంకుకి వచ్చారు. బెంగళూరు బ్రిల్ బుడ్డి తక్కువ ధరకే కొన్నాను, దాని టర్కాయిస్ ఏ విదేశీ బుడ్డికీ తీసిపోదు. ఈ దేశవాళీ బుడ్లు మా అలమరలో పై వరసలో, కంటికెదురుగా ఉంటాయి.

రంగుకో ఉద్యోగం ఇవ్వడం మరిచిపోకండి. ఆకుపచ్చ అనగానే మీకు గెజిటెడ్ ఆఫీసరు సంతకం గుర్తొచ్చింది, అవునా? అటెస్టేషన్ కోసం గుమ్మాల ముందు నిలబడ్డ రోజులు! ఆ అధికారం ఇప్పుడు మన చేతిలోనే ఉంది. నేను కూరగాయల చీటీ ఆకుపచ్చతోనే రాస్తాను. పాలలెక్క డయమీన్ ఆక్స్‌బ్లడ్‌తో, చిక్కటి ఎరుపు, ఒక్క అంకె కూడా కంటిని తప్పించుకోదు. పుట్టినింటికి రాసే ఉత్తరాలకు ఇరోషిజుకు వరసలోని యమబుదో, అడవిద్రాక్ష రంగు.

ఏ పెన్నులో ఏ ఇంకుందో రాసుకునే పుస్తకం ఒకటి వేరే ఉంది. నింపిన తేదీ, కడిగిన తేదీ. పెన్ను ఖాళీ అయిన రోజు మా ఇంట్లో పండగే. కళ్లు మూసుకుని రింగులోంచి ఒక కార్డు లాగుతాను. ఏది వస్తే అదే ఈసారి పెన్నులోకి. పెద్దాచిన్నా తేడా లేకుండా అందరికీ వంతు వస్తుంది. ఇంకు ఉన్నది దాచడానికి కాదుగా, రాయడానికి!

రాయడానికి నేనొక్కదాన్నే చాలను, అందుకే మీరు కావాలి. 2 మిల్లీలీటర్లు పట్టే చిన్న సీసాలు మూతలతో సహా తెచ్చుకోండి. ఎన్ని తెచ్చినా సరే. మీరు అడిగింది అడిగినట్టు సిరంజితో తీసి, పేరు రాసి అంటించి మరీ ఇస్తాను. బదులుగా మీ దగ్గరున్న ఆ ఒక్క నీలం తీసుకురండి, కార్డు చేసి రింగుకి గుచ్చుతాను. నాకు లేని నీలం అదేనేమో ఎవరికి తెలుసు? ఎల్లుండి ఆదివారమే. వచ్చేటప్పుడు పెన్ను మాత్రం కడిగి పట్టుకురండి, చెప్పలేదనేరు!