అచ్చులో స్మరణ

మా అమ్మ 2011లో పోయింది. ఆమె వదిలి వెళ్ళినవాటిలో నా వాటాకు వచ్చినవి రామకోటి పుస్తకాలు. ముప్పై ఏళ్ళపాటు, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, గడికొక్క 'శ్రీరామ' చొప్పున రాసినవి. కర్మలు ముగిసిన మర్నాడు నేను చేసిన మొదటి పని వాటిని కూడటం. బ్యాంకులో పనిచేసే కొడుకు ఇంకేం చేస్తాడు? 31 లక్షల చిల్లర తేలింది. కోటికి దగ్గర దగ్గర 69 లక్షలు తక్కువ. రోజుకు వెయ్యి చొప్పున రాస్తే దాదాపు 19 ఏళ్ళు పడుతుంది. నేను పూర్తిచేస్తానని అన్నయ్య ముందు మాట ఇచ్చాను.

మాది కుంభకోణం ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలోనూ వీధిలోనూ తమిళం. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఆమె వేలు పట్టుకు దిద్దిన శ్రీ, రా, మ అనే మూడు అక్షరాలే నాకు చాలాకాలం వచ్చిన తెలుగు రాత. మిగతావి ఉద్యోగంలో చేరాక, ఇలాంటి పత్రికలు ముందేసుకుని కూడబలుక్కుంటూ నేర్చుకున్నవి. అందుకే ఆ పుస్తకాలు నాకు భక్తి ఒక్కటే కాదు. మా ఇంటి భాష ఆ గళ్ళల్లో ఉంది.

మూడు నెలలు రాశాను. చెయ్యి రాస్తూనే ఉండేది, మనసు మాత్రం మొత్తం కూడుతూ ఉండేది. ఈ పేజీకి ఎన్ని, ఇవాళ్టికి ఎన్ని, నిన్నటి బాకీ ఎంత. ఉద్యోగం కొత్తల్లో పుస్తకాల్లో నాలుగణాలు తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా వెతికినవాళ్ళం. ఆ అలవాటు రామనామాన్నీ వదల్లేదు. చివరకు రాస్తుంటే చిరాకు పుట్టడం మొదలైంది. అమ్మ పుస్తకం ముందు కూర్చుని చిరాకు పడటం కన్నా మానెయ్యడం నయమనిపించి మానేశాను.

2012లో నన్ను గుజరాత్‌లోని భుజ్‌కు బదిలీ చేశారు. అప్పుల పరిశీలనకు దగ్గర్లోని అజ్రఖ్‌పూర్ వెళ్ళాల్సి వచ్చింది. అది 2001 జనవరి 26 నాటి భూకంపం తర్వాత వెలిసిన ఊరు. సింధు ప్రాంతం నుంచి సుమారు 400 ఏళ్ళ కిందట కచ్ఛ్‌కు వచ్చిన ఖత్రీ ముస్లిం కుటుంబాలు అంతకుముందు ధమడ్కాలో అద్దకం పని చేసుకునేవి. అద్దకానికి పారే నీళ్ళు కావాలి. అక్కడి సారణ్ నది ఎండిపోయింది. భూకంపం తర్వాత నేలలోని నీటిలో ఇనుము పెరిగి రంగులు సరిగా తేలడం మానేశాయి. అందుకని చాలా కుటుంబాలు ఇక్కడికి కదిలి, ఊరికి తమ గుడ్డ పేరే పెట్టుకున్నాయి.

మొదటి షెడ్డులో అడుగు పెట్టగానే నన్ను ఆపింది రంగు కాదు, వాసన. కరక్కాయ, పటిక, బెల్లం నీళ్ళలో నానేసిన తుప్పు ఇనుము. మా తాత, అంటే అమ్మ తండ్రి, కలంకారీ మనిషి. నాయకరాజుల కాలంలో తంజావూరు సీమకు వచ్చిన తెలుగు కుటుంబాలు సిక్కల్ నాయకన్‌పేట వంటి ఊళ్ళలో గుళ్ళకు తోరణాలు, గుడారాల గుడ్డలు రాసేవి. తాతది కలం, వీళ్ళది కొయ్య అచ్చు. వాసన మాత్రం ఒకటే. 'కలంకారీ' అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. మన మచిలీపట్నం అద్దకపువాళ్ళు మిహ్రాబు కమాను వేసిన నమాజు గుడ్డలు చేసి ఇరాన్‌కు పంపిన రోజులున్నాయి.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. ఊరంతా చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. కాగితాల పని అయ్యాక కూడా ఆదివారాలు వెళ్ళి ఆయన బల్ల పక్కన కూర్చునేవాణ్ణి. ఒంటె పేడ, ఆముదం, సోడాతో గుడ్డను నానబెట్టి ఉతుకుతారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడితే పసుపుపచ్చగా వస్తుంది. మొదటి అచ్చు సున్నమూ జిగురూ కలిపిన ముద్దతో వేస్తారు. ఆ సున్నం ఉన్నచోట రంగు పట్టదు. చివరికి మిగిలే తెల్లగీత అది. అంటే తెలుపును ఎవరూ అద్దరు, కాపాడతారు. తర్వాత చింతగింజల పిండితో చిక్కబరచిన ఇనుపనీళ్ళు నలుపుకు, పటిక ఎరుపుకు. ఆ పైన నీలిమందు తొట్టి. ఆఖర్న మంజిష్ఠతోనో ఆలిజరిన్‌తోనో ఉడకబెడతారు. పటిక తగిలినచోటే ఎరుపు లేస్తుంది. మధ్యమధ్య ఉతకడం, ఎండబెట్టడం. మొత్తం పద్నాలుగు, పదహారు అంచెలు.

చాచా అచ్చును రంగులో ఆనించి, గుడ్డ మీద మూల చూసి పెట్టి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేసేవారు. దెబ్బతోపాటే పెదవి కదిలేది, మాట బయటికి వినిపించేది కాదు. ఒకరోజు అడిగాను, "చాచా, ఇది మీకు ధ్యానమా?" అని.

ఆయనకు ఆ మాట నచ్చలేదు. "నమాజు నమాజే, పని పనే సాబ్. బజార్లో అమ్మే గుడ్డను ఇబాదత్ అంటే తప్పవుతుంది. నోరు ఖాళీగా ఉందని అల్లా పేరు తలుచుకుంటాను, అంతే. దాన్ని జిక్ర్ అంటాం."

జిక్ర్ అంటే జ్ఞాపకం చేసుకోవడం. మన స్మరణ. నమాజు తర్వాత వేళ్ళ మీదనో తస్బీ పూసల మీదనో 33, 33, 34గా మూడు స్తుతి వాక్యాలు మొత్తం నూరుసార్లు చెప్పుకుంటారు. నూరు అనగానే నా బ్యాంకు బుద్ధి లేచింది. "మరి పనిచేస్తూ ఎన్నిసార్లు అవుతుంది రోజుకు?" అని అడిగాను.

"మీటర్లు షావుకారు లెక్కపెట్టుకుంటాడు," అన్నారాయన. "పూసల లెక్క వేలు చూసుకుంటుంది. నేను లెక్కపెడితే పేరు ఎవరు చెబుతారు?"

ఇంకో ఆదివారం నాకు పాత గుడ్డముక్క ఇచ్చి అచ్చు వెయ్యమన్నారు. నాలుగు బాగానే పడ్డాయి. అయిదోది వేస్తూ ఆరోది ఎక్కడికి వస్తుందో చూశాను. చేతికింద అచ్చు జరిగి గీతలు కలిసిపోయాయి. చాచా నవ్వలేదు, తిట్టలేదు. "చూపు ముందుకెళ్ళింది," అని, చెదిరిన అంచు పక్కనే తన అచ్చు ఆనించి వరస సరిచేసుకుంటూ వెళ్ళారు. గుడ్డను పారెయ్యలేదు. ఉడకబెట్టి తీశాక కూడా నా తప్పు కనబడుతూనే ఉంది.

ఆ రాత్రి ట్రంకు అడుగునుంచి అమ్మ సగంలో వదిలిన పుస్తకం తీశాను. నేను కూడినప్పుడు చూడని సంగతి ఒకటి కనబడింది. ఆ పేజీల్లో ఎక్కడా అంకె లేదు. పేజీ చివర మొత్తం వేసిన గుర్తులన్నీ నావే, నా ఎర్ర బాల్‌పెన్నుతో. గళ్ళు ఉన్నది ఆమె లెక్కపెట్టకుండా ఉండటానికే కాబోలు.

ముసల్మాను బల్ల దగ్గర నేర్చుకున్నది రామకోటికి పనికొస్తుందా అని బంధువులొకరు తర్వాత నన్ను ఎగతాళి చేశారు. చాచాకు అమ్మ పుస్తకం చూపించినప్పుడు ఆయన పేజీ మీద చెయ్యి పెట్టకుండా, చేతులు కడుక్కొచ్చి, అప్పుడు తిప్పి చూశారు. "వరస తప్పలేదు," అన్నారు. అద్దకపు మనిషి నోట అంతకన్నా పెద్ద మెప్పు రాదని అప్పటికి నాకు తెలుసు.

2015లో అక్కడినుంచి బదిలీ అయ్యాను. 2024లో కచ్ఛ్ అజ్రఖ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి సంతోషించాను. నా చెదిరిన గుడ్డముక్క ఇప్పుడు రామకోటి పుస్తకానికి అట్ట. రాత్రి భోజనమయ్యాక ఒక పేజీ రాస్తాను, ఒక్కోరోజు అరపేజీ. ఎన్ని అయ్యాయో తెలీదు. మా అమ్మాయి చదువంతా ఇంగ్లీషు. మొన్న పక్కన కూర్చుని, "ఏం రాస్తున్నావు నాన్నా?" అంది. పెన్ను చేతికిచ్చి శ్రీ దిద్దించాను. ఆ పేజీలో మూడు గళ్ళు వంకరగా ఉన్నాయి. అవి అలాగే ఉంచాను.